ఓడిన జట్టునకు వచ్చిన క్రొత్త గురువు



పొలము పండనప్పుడు కొందఱు నేలను నిందింతురు, కొందఱు విత్తనమును నిందింతురు, కొందఱు వానదేవుని నిందింతురు. సేద్యము చేసిన చేతిని గూర్చి విచారించువారు తక్కువ. ఆ పొలమునే మఱియొక రైతు కౌలునకు దీసికొని, అదే విత్తనము చల్లి, మఱుసటి యేట గాదె నింపినప్పుడు గాని సంగతి మనకు బోధపడదు. నేడు నేను చెప్పబోవునది ఇట్టి కథయే. అయితే ఇది పొలమును గూర్చినది కాదు; అమెరికా దేశమున ఒక విశ్వవిద్యాలయపు బంతియాట జట్టును గూర్చినది. 1963వ సంవత్సరమున ఆ జట్టు తొమ్మిది పోటీలలో ఏడింట ఓడెను. 1964లో క్రొత్త శిక్షకుడు వచ్చెను. ఆ యేడు పది పోటీలలో తొమ్మిదింట గెలిచెను. ఆటగాండ్రలో పెక్కుమంది పాతవారే. ఈ మార్పు ఎట్లు కలిగెనో విచారింతము.

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచు ఆట, మన పిల్లలు కాలితో బంతిని దన్ని యాడు ఆట కాదు. పేరొక్కటే గాని తీరు వేఱు. బంతి గుండ్రముగ నుండక, రెండు కొనలును సన్నగిలి కోలగ నుండును. దానిని చేతబట్టుకొని పరుగెత్తవచ్చును. చేతితో ముందునకు విసరవచ్చును. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు నిలుతురు. మైదానము నూఱు గజముల నిడివి. బంతి గల పక్షమునకు నాలుగు ప్రయత్నములు ఇయ్యబడును. ఆ నాలుగింటిలో పది గజములు ముందునకు సాగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును. సాగనిచో బంతి ఎదుటివారి పాలగును. ఇట్లు గజము గజముగ నేలను గెలుచుకొనుచు, ఎదుటివారి కొనగీతను దాటినచో ఆఱు పాయింట్లు. పిదప బంతిని స్తంభముల నడుమకు దన్నినచో ఇంకొకటి. గీత దాటలేనివారు దూరమునుండియే దన్ని స్తంభముల నడుమ పంపినచో మూడు పాయింట్లు. ఆటకాలము అఱువది నిమిషములు.

చెడుగుడు ఎఱిగిన పెద్దలకు ఇందలి మర్మము కొత్త కాదు. కూత పెట్టి వచ్చినవానిని ఒకడు కాలు పట్టవలెను, ఒకడు నడుము పట్టవలెను, మఱియొకడు బరిదారిని అడ్డగింపవలెను. ఎవని చోటు వానిది. ఒక్కడు తన చోటు తప్పినను వచ్చినవాడు బరి చేరును. ఈ ఆటలోను అంతియే. ముందువరుసలోని బలిష్ఠులు దారి చేసి యియ్యవలెను. పరుగరులు ఆ దారిని దూరిపోవలెను. వీరందఱి వెనుక నిలిచి, బంతిని పుచ్చుకొని, ఎవనికి ఇయ్యవలయునో, ఎవనికి విసరవలయునో కనుఱెప్పపాటులో నిర్ణయించువాడొకడుండును. వానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. బండికి తోలువాడెట్టివాడో జట్టునకు వాడట్టివాడు.

ఇండియానా రాష్ట్రమున సౌత్ బెండ్ అను పట్టణము కలదు. అచ్చట నోటర్ డేమ్ విశ్వవిద్యాలయమును 1842లో ఎడ్వర్డ్ సోరిన్ అను ఫ్రెంచి క్రైస్తవ మతాచార్యుడు స్థాపించెను. విద్యకు ఎంత పేరో, ఫుట్‌బాల్ ఆటకును అచ్చట అంత పేరు. 1918 మొదలు 1930 వఱకు నూట్ రాక్నీ అను శిక్షకుడు ఆ జట్టును నడిపి, 105 పోటీలు గెలిచి, 12 మాత్రమే ఓడెను. ఆయన 1931లో విమాన ప్రమాదమున మరణించెను. పిదప ఫ్రాంక్ లేహీ అనునాతని కాలమున 1940-50 నడుమ నాలుగు పర్యాయములు ఆ జట్టు దేశమున ప్రథమమని యెన్నబడెను. అమెరికాలో ఆ చుట్టుప్రక్కల ఊళ్లలోనే కాక, దూరప్రాంతములందలి బీదకార్మికులు సయితము ఆ జట్టు తమదని తలచుచుండిరి.

అట్టి జట్టు దిగజాఱెను. 1956లో రెండే గెలుపులు, 1960లో రెండే, 1963లోను రెండే. ఆ తుదియేట ఒక పోటీ జరుగనే లేదు. నవంబరు 22వ తేదీన అధ్యక్షుడు కెనడీ హత్య జరిగినందున మఱునాటి పోటీని రద్దుచేసిరి. పెద్ద యింట పుట్టి అప్పులపాలైన కుటుంబమును మీరెఱుగుదురు. అట్టి యింట తాతలనాటి వైభవమే బరువగును. ప్రతి కుఱ్ఱవానిని, నీ తాత యెట్టివాడో తెలియునా అని గద్దించుటయే గాని, నీవేమి చేయగలవు అని యడుగువాడుండడు. నోటర్ డేమ్ కుఱ్ఱవాండ్ర గతియు అట్లే యుండెను.

1963 డిసెంబరులో విశ్వవిద్యాలయపు అధికారులు క్రొత్త శిక్షకుని నియమించిరి. ఆయన పేరు అరా పార్సీగియన్. వయస్సు నలువది. తండ్రి ఆర్మీనియా జాతివాడు, తల్లి ఫ్రాన్సు దేశీయురాలు. ఒహాయో రాష్ట్రమున ఆక్రన్ పట్టణమున 1923లో జన్మించెను. తానును వృత్తిగా ఈ యాట నాడి, తుంటికి దెబ్బ తగిలి మానుకొని, శిక్షకుడాయెను.

ఈ నియామకమున రెండు వింతలు కలవు. మొదటిది, ఆయన ఆ విశ్వవిద్యాలయమున చదువుకొన్నవాడు కాడు. రాక్నీ మొదలుకొని అంతవఱకు అచ్చట ఆ పదవి నెక్కినవారందఱును అచ్చటి పూర్వవిద్యార్థులే. పైగా అది కాథలిక్కుల సంస్థ. ఆయన ప్రొటెస్టంటు శాఖవాడు. రెండవది, ఆయన గెలుపు లెక్కయు చూచుటకు గొప్పది కాదు. అంతకు ముందు ఆయన ఎనిమిదేండ్లు నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున నుండెను. అచ్చట 36 గెలుపులు, 35 ఓటములు, ఒక సమము. 1957లో తొమ్మిది పోటీలాడి తొమ్మిదియు ఓడెను. లెక్కపుస్తకము మాత్రమే చూచువాడు ఇట్టివానిని పిలువడు.

అయినను నోటర్ డేమ్ అధికారులు మఱియొకటి చూచిరి. 1959 మొదలు 1962 వఱకు వరుసగ నాలుగేండ్లు, ఆ చిన్నజట్టుతోనే ఆయన నోటర్ డేమును ఓడించియుండెను. ఓడిన పిదప కక్ష పెట్టుకొనుట లోకసహజము. ఓడించినవానిని పిలిచి, మా యిల్లు నీవు చక్కబెట్టుమని యడుగుటకు పెద్దమనస్సు కావలెను. ఆనాటి అధ్యక్షుడు థియోడోర్ హెస్బర్గ్, ఉపాధ్యక్షుడు ఎడ్మండ్ జాయిస్ ఆ పని చేసిరి. తమవాడా పరవాడా అని కాక, పని తెలిసినవాడా కాదా అని చూచిరి. గ్రామమున బడిపంతులును గాని, సంఘమునకు కార్యదర్శిని గాని ఎన్నుకొనునప్పుడు మనకును ఈ ప్రశ్న ఎదురగుచునే యుండును.

ఇక ఆయన వచ్చి చేసినదేమి? క్రొత్తవారిని కొనితెచ్చుటకు అవకాశము లేదు. ఆ దినములలో కళాశాలలో మొదటియేడు చదువు విద్యార్థి పెద్దజట్టులో ఆడరాదు. కావున ఉన్నవారితోనే పని. ఆయన చేసిన మొదటిపని, ఎవడు ఏ పనికి పుట్టెనో కనిపెట్టుట. వెనుకనిలిచి పరుగెత్తుటకై యుంచబడిన భారీకాయులను కొందఱిని ముందువరుసలకు మార్చెను. పరుగరుల నడుమ సామాన్యముగ నెన్నబడుచుండిన జాక్ స్నో అను కుఱ్ఱవానిని, అంచున నిలిచి విసరిన బంతిని పట్టువానిగ జేసెను. ఆ యేట స్నో 60 బంతులు పట్టి 1,114 గజములు సాధించెను.

అందఱికంటె ముఖ్యమైనది జాన్ హ్యూఆర్ట్ అను విద్యార్థి కథ. ఇతడు కాలిఫోర్నియా నుండి వచ్చినవాడు, మితభాషి. అంతకుముందు రెండేండ్లును జట్టులో పేరుండియు బల్లమీద కూర్చుండుటయే ఇతని పని. ఆ రెండేండ్లలో ఇతడు బంతిని విసరినది మొత్తము 50 మాఱులు. తగినంత సేపు ఆడినవారికి విశ్వవిద్యాలయము ఇచ్చు గుఱుతు ఇతనికి దక్కలేదు. బంతి విసరునప్పుడు చేయి పైకెత్తక ప్రక్కగా త్రిప్పుట ఇతని అలవాటు. అది తప్పని పలువురు తలంచిరి. పార్సీగియన్ ఆ చేతి తీరును చూడలేదు. బంతి ఎచ్చట చేరుచున్నదో చూచెను. అది చేరవలసిన చోటికే చేరుచుండెను.

1964 వసంతకాలపు అభ్యాసములో హ్యూఆర్ట్ భుజమునకు దెబ్బతగిలెను. శస్త్రచికిత్స చేయవలెనని వైద్యులు చెప్పిరి. చేసినచో ఆ యేటి ఆట పోయినట్లే. అది అతనికి తుదియేడు. శిక్షకుడు తొందరపడక వేఱు వైద్యుల నడిగించెను. కోత లేకయే విశ్రాంతితో నయమగునను అభిప్రాయము లభించెను. అట్లే నయమాయెను. పిమ్మట శిక్షకుడు అతనికి ముందుగనే మాట యిచ్చెను: మొదటి పోటీలో క్వార్టర్‌బ్యాక్ నీవే, నీవు విసరిన బంతులు కొన్ని ఎదుటివారి చేత చిక్కినను నీ చోటు నీదే. ఈ మాట విలువ తక్కువది కాదు. ఒక్క తప్పు చేసినచో పని పోవునని భయపడు పాలేరు అరక సూటిగ దున్నలేడు. భయము తీఱినవాడు తన నేర్పంతయు చూపగలడు.

న్యాయముగ మఱియొకటి కూడ చెప్పవలెను. ఆ యేటి మార్పు అంతయు ఒక్కని ప్రతిభ కాదు. 1953 మొదలు ఒక కట్టుబాటుండెను. ఆట నడుమ మనుష్యులను ఇష్టమువచ్చినట్లు మార్చరాదు. బంతి విసరినవాడే, బంతి ఎదుటివారి చేతికి పోయినప్పుడు వారిని అడ్డగించుటకును నిలువవలెను. 1964లో ఆ కట్టుబాటును చాలవఱకు సడలించిరి. హ్యూఆర్ట్ దేహమున బక్కపలుచనివాడు. అడ్డగించుపని అతనికి తగదు. సడలింపువలన అతడు విసరుటకే నిలిచెను, అడ్డగించుటకు బలిష్ఠులు వేఱుగ నిలిచిరి. అడ్డగించు ముందువరుసలో ఆ యేడే రెండవ తరగతి విద్యార్థిగ చేరినవారిలో ఆలన్ పేజ్ ఒకడు. ఈ నల్లజాతి యువకుడు తరువాత వృత్తిజట్టులలో మిక్కిలి కీర్తినొంది, న్యాయశాస్త్రము చదివి, 1993 మొదలు 2015 వఱకు మిన్నెసోటా రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగ నుండెను. అట్టి యువకులు లభించుట అదృష్టమే. అయితే వానపడిన నాడు అరక సిద్ధముగ నున్నవానికే అదృష్టము పనికివచ్చును. క్రొత్త కట్టుబాటు అన్ని జట్లకును ఒక్కటియే. దానికి తగినట్లు తన మనుష్యులను సర్దుకొన్నవాడు లాభము పొందెను.

సెప్టెంబరు 26న విస్కాన్సిన్ విశ్వవిద్యాలయముతో మొదటి పోటీ జరిగెను. నోటర్ డేమ్ 31, విస్కాన్సిన్ 7. హ్యూఆర్ట్ విసరిన బంతులు 270 గజములు సాగెను. అందులో 217 గజములు స్నో ఒక్కడే పట్టినవి. రెండేండ్లు బల్లమీద కూర్చుండినవాడు ఒక్క మధ్యాహ్నమున దేశమంతట పేరువడసెను. పిదప పర్డ్యూపై 34-15, వాయుసేన విద్యాలయముపై 34-7, లాస్ ఏంజిలిస్ నగరపు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముపై 24-0, స్టాన్‌ఫర్డుపై 28-6 గెలుపులు. నౌకాసేన విద్యాలయపు జట్టులో, వెనుకటి యేడు దేశమునకెల్ల ఉత్తముడని హైస్‌మన్ బహుమానము నందిన రోజర్ స్టౌబాక్ ఉండెను. ఆ జట్టునకు ఒక్క పాయింటయినను దక్కలేదు, 40-0. పిట్స్‌బర్గుతో మాత్రము గండము తప్పినట్లాయెను, 17-15. మిషిగన్ స్టేటుపై 34-7, అయోవాపై 28-0. తొమ్మిది పోటీలు, తొమ్మిది గెలుపులు. జట్టు దేశమున ప్రథమస్థానమున నిలిచెను. నవంబరులో హైస్‌మన్ బహుమానము హ్యూఆర్టుకు లభించెను. గుఱుతుకైనను నోచుకొననివాడు దేశమునకెల్ల ఉత్తమ క్రీడాకారుడాయెను.

ఆ దినములలో విద్యార్థుల ఉత్సాహమునకు మేర లేదు. చలిలో మంచు కురియుచుండగా, మంచు నాపుమని శిక్షకుని పేరెత్తి కేకలు వేయుచుండిరట. వేడుకకే యన్నారు గాని, మనుష్యుని దేవుని జేయు అలవాటు ఎల్లదేశములందును ఒక్కటియే. మంచు ఆగదు, గెలుపును ఎల్లకాలము నిలువదు.

నవంబరు 28. లాస్ ఏంజిలిస్ నగరము. ఎనుబదివేలకు పైబడిన జనము. ప్రత్యర్థి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము. నోటర్ డేమ్ ఆ కాలమున, సంవత్సరాంతమున జరుగు ప్రత్యేక పోటీలకు పోవు ఆచారము లేనిది. కావున ఇదియే తుదిపోటీ. దీనిని గెలిచినచో సంవత్సరమంతయు ఓటమి యెఱుగనిదై ప్రథమస్థానము స్థిరపడును. సగము ఆట ముగియునప్పటికి నోటర్ డేమ్ 17, ఎదుటివారు సున్న. పని ముగిసినదని తలచినవారు పెక్కుమంది.

రెండవ సగమున గాలి మాఱెను. ఎదుటివారు ఒకమాఱు గీత దాటిరి. నోటర్ డేమ్ కూడ దాటినది గాని, వారిలో నొకడు కూడని రీతిని ఎదుటివానిని పట్టుకొనెనని తీర్పరులు ఆ పాయింట్లను కొట్టివేసిరి. ఎదుటివారు రెండవమాఱు దాటిరి, 17-13. ఆట ముగియుటకు నిమిషము ముప్పదిమూడు సెకండ్లు మిగిలియుండెను. ఎదుటివారికి నాలుగవ ప్రయత్నము, అనగా తుది ప్రయత్నము. గీతకు పదునైదు గజముల దూరము. క్రెయిగ్ ఫెర్టిగ్ అనువాడు విసరెను. రాడ్ షెర్మన్ అనువాడు పట్టి గీత దాటెను. 20-17. తొమ్మిది గెలుపుల ఫలము తొంబది సెకండ్లు మిగిలియుండగా చేజాఱెను.

సంవత్సరమంతటిలో శిక్షకుని పరీక్షించినది ఈ ఘడియయే. పాయింట్లను కొట్టివేసిన తీర్పును గూర్చి కోపము రగులుచుండెను. బయట పత్రికలవారు కాచియుండిరి. తీర్పరులమీద ఒక్కమాట యన్నచో దేశములో సగముమంది ఔనందురు. పార్సీగియన్ వస్త్రములు మార్చుకొను గది తలుపులు మూయించెను. ఏడ్వవలసినవారు, అఱవవలసినవారు ఇచ్చటనే ఆ పని ముగించుకొనుడనియు, తలుపు తెఱచిన పిమ్మట ఎవ్వరును సాకులు చెప్పక, ఎవ్వరిమీదను నేరము మోపక, తలయెత్తుకొని వెలికి నడువవలెననియు చెప్పెను. తొమ్మిది గెలుపులందు ఎట్లు వినయముగ నుండిరో ఈ ఓటమియందును అట్లే యుండవలెనని ఆయన తాత్పర్యము. పిమ్మట తలుపులు తెఱిపించెను.

ఈ కథను మీకు చెప్పుటకు కారణము ఈ తలుపే. తొమ్మిది పోటీలు గెలిపించిన నేర్పును మెచ్చుకొనువారు పెక్కుమంది యుందురు. అయితే ఆ కుఱ్ఱవాండ్రు ఇరువదేండ్లవారు. వారిలో పెక్కుమంది పిమ్మట ఎన్నడును ఆ యాట నాడరు. ఉద్యోగములకు, వ్యాపారములకు, సంసారములకు పోవుదురు. ఆ దినము వారు తీర్పరిని తిట్టుట నేర్చియుండినచో, తరువాత యజమానిని తిట్టుట, పొరుగువానిని తిట్టుట, కాలమును తిట్టుట నేర్తురు. వ్యాజ్యమోడి వచ్చి న్యాయాధికారిని తిట్టువాడును, ఎన్నికలోడి ఊరిని తిట్టువాడును మనకు తెలియనివారు కారు. ఓటమిని ఇంటిలోపల దిగమ్రింగి, వీధిలోనికి తలయెత్తి వచ్చుట ఒక విద్య. దానిని పుస్తకములు నేర్పలేవు. ఓడిననాడు ప్రక్కన నిలిచిన పెద్దవాడే నేర్పవలెను.

పార్సీగియన్ మచ్చలేనివాడని నేను చెప్పను. 1966లో మిషిగన్ స్టేటుతో పోటీ 10-10గ నుండగా, తుది నిమిషములలో సాహసింపక, బంతిని కాపాడుకొని సమముతో తృప్తిపడెనని ఆయనను చాలకాలము తూలనాడిరి. ఆ యేడును, 1973లోను ఆయన జట్టు దేశమున ప్రథమమని యెన్నబడెను. పదునొకండేండ్లలో 95 గెలుపులు, 17 ఓటములు, 4 సమములు. 1974 ముగియగానే, ఏబదియొకటవ యేట, శరీరమును మనస్సును అలసినవని చెప్పి ఆ పదవిని విడిచెను. పొమ్మనకముందే లేచిపోవుట కూడ పెద్దఱికములో నొక భాగమే.

తరువాత ఆయనకు పాయింట్లతో లెక్కింపరాని ఓటమి ఎదురాయెను. మనుమలలో ముగ్గురకు నీమన్-పిక్ అను వంశానుగత వ్యాధి సోకినట్లు తెలిసెను. అది పిల్లల నరములను, బుద్ధిని క్రమముగ క్షీణింపజేయునది. అప్పటికి మందు లేనిది. 1994లో కుటుంబము వారు ఆ వ్యాధిని గూర్చిన పరిశోధనకై ఒక నిధిని స్థాపించిరి. ఆయన ఊరూర తిరిగి ధనము సేకరించెను. ఆ ముగ్గురు పిల్లలును దక్కలేదు. అయినను పరిశోధన ఆగలేదు. ఒరుల పిల్లలకైనను మందు దొరకవలెనని ఆయన పాటుపడుచునే యుండెను. 2017 ఆగస్టు 2వ తేదీన, తొంబదినాలుగవ యేట ఆయన మరణించెను. 1964లో గదిలో కుఱ్ఱవాండ్రకు చెప్పిన మాటను ఆయన తన యింట నిలువబెట్టుకొనెనని చెప్పవచ్చును.

పెద్దలారా! మీ చేతిక్రింద కుఱ్ఱవాండ్రుందురు. పొలమునందో, అంగడియందో, బడిసంఘమునందో. ఒకడు బల్లమీద కూర్చుండియున్నాడని మీరు తలచినప్పుడు, వాడు కూర్చుండినాడా, మనము కూర్చుండబెట్టితిమా అని ఒక్కమాఱు విచారింపుడు. వానికి తగిన చోటు చూపుడు. ఒక్క తప్పునకు ఆ చోటు పోదని చెప్పుడు. వాడోడి వచ్చిననాడు తలుపు మూసి మాటాడి, పిదప వానితోకూడ బయటికి నడువుడు.

సెలవు.